వానపాట తీసిన గుట్ట

“ఇది కాదు!” ఫోన్‌లో పాట ఆపి, ఎదురుగా ఉన్న గుట్టను చూసి అంది సువార్త. “పాటలో రెండు బండలు ఆనుకొని ఉండాయి. ఈడ ఒక్కటే ఉండాది.”

“రెండోది దొర్లిపోయిందేమో,” అన్నాడు శశికుమార్.

“యాడికి దొర్లిందప్పా, బెంగళూరుకా?”

పాపం, అతనికి అబద్ధం మొదలుపెట్టడం వచ్చుగానీ నిలబెట్టుకోవడం రాదు.

సంగతేమిటంటే, సువార్త పాత సినిమా పాటలు తీసిన చోట్లకు వెళ్లి వీడియోలు పెడుతుంది. యాభై ఏళ్ల కిందటి ఒక వానపాట అనంతపురం దగ్గరే తీశారట, చోటు చెప్పండి అని అడిగింది. రాప్తాడులో సెల్‌ఫోన్లు రిపేరు చేసే శశికుమార్ ఆ వీడియో కింద ‘నాకు తెలుసు’ అని రాశాడు. నిజంగానే తెలుసు. అది వాళ్ల సొంత శెనక్కాయ చేను! కానీ బుక్కరాయసముద్రం నుంచి వచ్చిన ఆ పిల్ల బస్సు దిగి నవ్వేసరికి బుర్ర పనిచేయడం మానేసింది. చోటు చూపిస్తే ఈ ఒక్క ఆదివారంతో సరి. చూపించకపోతే మళ్లీ వస్తుంది. అప్పట్నుంచి వారానికో గుట్ట తిప్పుతున్నాడు.

“వచ్చే ఆదివారం మా అవ్వను పిల్చుకోనొస్తా,” అంది సువార్త. “ఈ పాటలో మా అవ్వ ఉండాది.”

“హీరోయినా?”

“కాదప్పా, ఎనకాల! చూడు.”

చూశాడు. ట్యాంకరు నీళ్ల వానలో హీరోయిన్ తడుస్తోంది. ఆమె వెనక బండ పక్కన ఒక పిల్ల బిందె పట్టుకుని నిలబడి ఉంది. ఆ ఏడు కరువు. దొంగ వానైనా నీళ్లు నీళ్లేనని ఊరంతా బిందెలతో వచ్చిందట. షూటింగువాళ్లు తరిమితే అందరూ పోయారు. సువార్త అవ్వ తిప్పమ్మ మాత్రం బిందె నిండేదాకా కదల్లేదట.

“మళ్లీ ఒకసారి ఆడ నిలబడాలంటాంది. మోకాళ్లనొప్పులు. గుట్టగుట్టకీ తిప్పలేను,” అంది సువార్త.

ఆ వారమంతా శశికుమార్‌కు అన్నం సయించలేదు. చోటు చూపిస్తే పిల్ల పోతుంది. చూపించకపోతే ముసలామె ఉసురు తగులుతుంది.

ఆదివారం ఆటో నేరుగా శశికుమార్ వాళ్ల చేనుకే పోయింది. ఆనుకుని ఉన్న రెండు బండలు కనబడగానే తిప్పమ్మ కర్ర ఊపుకుంటూ వెళ్లి నిలబడింది.

“ఈడనే! నా బిందె ఈడనే పెట్టినా!” అంటూ కళ్లు తుడుచుకుంది. సువార్త వీడియో తీయడం కూడా మరిచిపోయింది.

“ఇది మా చేనే,” అన్నాడు శశికుమార్, నేల చూపులు చూస్తూ. “మొదట్నుంచీ తెలుసు. చూపిస్తే నువ్వు మళ్లీ రావని చెప్పలేదు. నువ్వంటే నాకిష్టం సువార్తా. తిడితే తిట్టు.”

“రెండో వారమే తెలిసింది. మీ అంగడి పక్కన టీ కొట్టాయన చెప్పినాడు.”

“మరి ఎందుకొస్తాన్నావు?”

“గుట్టల కోసమనుకున్నావా, మొద్దూ? నువ్వు ఎంతకీ చెప్పకపోతే అవ్వ పేరు చెప్పి బెదిరించినా.”

శశికుమార్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వానపాట చోటికొచ్చి తడవకపోతే ఎట్లా అంటూ సువార్త వాటర్ బాటిల్ తీసి అతని నెత్తిన వంచింది.

తిప్పమ్మ గబగబా వచ్చి అతని గడ్డం కింద టిఫిన్ గిన్నె పట్టింది.

“మీ నాయనతో నేను మాట్లాడతాలేమ్మే,” అంది మనవరాలితో. “ముందు ఆ నీళ్లు పారబోయొద్దు.”