ఆల్బన్ మలుపులో పలికిన హారను

ఈ సంగతి నాకు మొదట చెప్పింది థియోడోరా. బస్సు నడిపిన ఆల్బన్ పెళ్ళాం. మొగుడి బస్సు లోయలో పడ్డ ఆ మలుపు దగ్గరే కూచుని సీమపనసకాయలు కాల్చి అమ్ముకుంటుంది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. చివరి ముక్క మాత్రం నా కళ్ళతో నేను చూసింది.

మా గ్రెనడా దీవిలో ఆ మలుపుకి చెడ్డపేరు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. ఎదురుగా వచ్చేది కనబడదు. అందుకే మావాళ్ళు హారను కొట్టి గాని తిరగరు. ఆల్బన్ కొట్టకుండా తిరిగాడట... ఎదురొచ్చిన కత్‌బర్ట్ ఎర్రకారును తప్పించబోయి పడ్డాడట. చూసినవాడు కత్‌బర్ట్ ఒక్కడే. ఊరు వాడి మాటే నమ్మింది.

అప్పటినుంచీ చీకటిపడితే లోయలోంచి హారను వినిపిస్తుందంటారు. బతికుండగా కొట్టనివాడు చచ్చాక కొడుతున్నాడని ఎగతాళి. అదీ థియోడోరా మొహం మీదే.

నేను కార్లు అద్దెకిస్తాను. కత్‌బర్టూ ఇస్తాడు, వాటిని కార్లంటే.

మొన్న వానల్లో హాలెండు నుంచి వచ్చిన మారికె అనే అమ్మాయి నా తెల్లకారు తీసుకుంది. అందరికీ చెప్పేదే ఆమెకీ చెప్పాను. మీ దేశంలో కుడి, ఇక్కడ ఎడమ. మలుపొస్తే హారను కొట్టు. జవాబొస్తే ఆగు, అవతలివాడు దాటేదాకా కదలకు. పాఠంలా అప్పజెప్పించుకుని గాని తాళం ఇవ్వలేదు. నవ్వింది. నవ్వితే నవ్వింది.

జలపాతం చూసి వస్తుంటే చీకటి పడింది. వాన. మలుపు దగ్గర హారను కొట్టింది.

జవాబొచ్చింది. ఒకటి పొడుగు... రెండు పొట్టి.

ఆగింది. ఎవరూ రాలేదు. దీపాల వెలుగు కూడా లేదు. మళ్ళీ కొట్టింది. మళ్ళీ — ఒకటి పొడుగు, రెండు పొట్టి. ఈసారి ఇంకా దగ్గరగా.

బుట్ట సర్దుకుంటున్న థియోడోరా చేతిలోంచి పటకారు జారిపోయింది. మా బస్సువాళ్ళలో ఒక్కొక్కరిది ఒక్కో హారను వరస. ఇది ఆమె మొగుడిది. ఆ వరస వినే ఏళ్ళ తరబడి పొయ్యి మీద కూర పెట్టిన మనిషి.

తడుస్తూనే కారు దగ్గరికి వెళ్ళింది. ఆ పిల్ల అద్దం దించి గుసగుసగా అడిగింది.

"ఎవరూ లేరు కదమ్మా... పోనివ్వనా?"

"వద్దు తల్లీ. పలికాడు గదా. ఆగు."

ఆ మాట నోట్లో ఉండగానే — మలుపు తిరిగి దూసుకొచ్చింది ఒక ఎర్రకారు. దీపాల్లేవు. హారను లేదు. తప్పు పక్కన. తెల్లకారు పక్క అద్దాన్ని విరగ్గొట్టుకుంటూ పోయి వెనక బురదగట్టులో దిగబడింది. ఆ పిల్ల కదిలి ఉంటే... నేరుగా లోయే.

అది కత్‌బర్ట్ కారు, ఆల్బన్‌కు ఎదురొచ్చినదే. నడిపినవాడూ పైదేశం మనిషే. వాడికి తాళం ఇచ్చారు గాని మాట చెప్పలేదు.

మర్నాడు రమ్ము కొట్లో కత్‌బర్ట్ ఒకటే నవ్వు. దెయ్యమూ లేదు గియ్యమూ లేదు, మోగింది తన కారు హారనే, ఆ పిల్లను కాపాడింది తనేనన్నాడు. అందరూ తలలూపారు.

"నీ కారు కూడా నేనే కాపాడాను గదా ముసలాయనా, ఓ గ్లాసు పోయించవూ?" అన్నాడు నాతో.

నేను పోయించలేదు. ఆ రాత్రే తాడు కట్టి ఆ ఎర్రకారును బురదలోంచి లాగింది నేను. లాగేముందు హారను నొక్కి చూశాను. పలకలేదు. బానెట్ ఎత్తాను.

హారను ఉండాల్సిన చోట తెగిన తీగ వేలాడుతోంది. దానిమీద సాలెగూడు... దుమ్ము పట్టిన పాత గూడు.

కత్‌బర్టూ, ఆదివారం చర్చి మెట్ల మీద నిలబడి, థియోడోరా మొహం చూస్తూ, నా కారుకు హారనే లేదని చెప్పు. తర్వాత — ఆల్బన్ పడ్డనాడు ఆ మలుపులో హారను కొట్టనిది ఎవరో, అదీ నీ నోటితోనే చెప్పు.