వదినగారి బోణీ

"అక్క వచ్చి బోణీ చెయ్యందే కొత్త షాపులో ఒక్క చీర మడత కూడా విప్పను!" అన్నాడు ఉదయ్‌భాస్కర్, అన్నం కలుపుకుంటూ.

భార్య సూర్యకళ చేతిలోని గరిట పప్పుగిన్నెలో దభీమని పడింది.

"అంటే నా చెయ్యి విరిగిపోయిందాండీ? కట్టుకున్నదాన్ని నేను! శుక్రవారం అంతమంది ముందు మొదటి చీర కొనేది ఆవిడా, పక్కన పళ్ళెం పట్టుకుని నిలబడేది నేనూనా!"

"ఆడపడుచు చెయ్యే... అచ్చొచ్చింది."

అచ్చొచ్చిందట! మండపేట శివార్లలో తమ పాత షాపున్న ఆ మాల్ కట్టిన కొత్తలో ఎస్కలేటర్ ఎక్కడానికే జనం ట్రాక్టర్లేసుకుని వచ్చారు. తర్వాత ఎవరి కన్ను పడిందో... పైన సినిమాహాళ్ళు మూతపడ్డాయి, ఎస్కలేటర్ ఆగిపోయి ఉత్త మెట్లయింది, షాపులు ఒక్కొక్కటే షట్టర్లు దించేశాయి. పావురాలు తప్ప ఎవరూ రాని ఆ రోజుల్లోనూ వదిన వెంకటదుర్గ ప్రతి శుక్రవారం రామచంద్రపురం నుంచి బస్సు దిగేది. బోణీ పేరు చెప్పి రెండేసి, మూడేసి చీరలు సంచిలో కుక్కుకుపోయేది. డబ్బు చేతిలో పెట్టేది, నిజమే... కానీ ఆ తమ్ముడు వెనకనుంచి తిరిగి ఇచ్చేయడనే నమ్మకమేమిటి? ఇప్పుడెవరో ఆ మాల్ కొని, పైన ఆసుపత్రీ ఫంక్షన్‌హాలూ పెట్టి, కింద వరసంతా షాపులకిచ్చి, పాతవాళ్ళనే మళ్ళీ రమ్మన్నారు. కష్టకాలమంతా ఆయనతో కాపురం చేసింది తను! మంచిరోజు రాగానే ముందుకొచ్చేది ఆవిడా!

కడుపు మంట ఆగలేదు. మర్నాడు భర్త అటు వెళ్ళగానే ఇటు రామచంద్రపురం బస్సెక్కింది, 'మీరు రావద్దు' అని మొహంమీదే చెప్పేద్దామని.

వదినగారి వీధి మొదట్లోనే కాళ్ళు ఆగిపోయాయి. కుళాయి దగ్గర నిలబడ్డ మనిషి కట్టుకున్నది... నెమలికంఠం రంగు, పసుప్పచ్చ అంచు! షాపులో ఎంత బతిమాలినా ఎవరూ కొనని చీర! పక్కింటి దండెం మీద వంకాయరంగుది. ఆ పైయింటి అరుగు మీద చిలకాకుపచ్చది. అన్నీ తమవే!

"ఈ చీర ఎక్కడిదమ్మా?"

"ఆయ్, దుర్గమ్మగారి తమ్ముడిగారి షాపుదండి!" అంది కుళాయి దగ్గరి ఆవిడ. "ఆ పాడుపడ్డ మాల్‌కి ఎవరెళ్తారండీ? ఆవిడే ఇంటింటికీ తిరిగి ఇచ్చేవారు. పైగా అట్టమీదున్న రేటు కంటే తక్కువకేనండి. ఏం లాభమో ఏంటో, పిచ్చితల్లి!"

సూర్యకళ వదినగారి ఇంట్లోకి ఎలా నడిచిందో ఆమెకే తెలియదు. "ఎందుకు దాచారు వదినా? ఇన్నాళ్ళూ మిమ్మల్ని... నేను మిమ్మల్ని..."

"చెబితే వాడు డబ్బు తీసుకునేవాడా?" వెంకటదుర్గ మరదలి కళ్ళు తుడిచింది. "పొద్దున్నుంచీ ఒక్క చీర తెగని షాపులో మగాడి మొహం ఎలా ఉంటుందో తెలుసా కళా? నా తోడబుట్టినవాడు... చూడలేకపోయానే!"

ఆ మొహాన్ని సూర్యకళ రోజూ చూసింది. 'ఏంటా మొహం, ఎవరో పోయినట్టు!' అని విసుక్కుంది కూడా... చూడవలసింది తను! చూసింది మాత్రం ఈవిడ!

'బోణీ మీరే చెయ్యాలి వదినా' అనబోయి నోరు తెరిచింది. అంతలోనే వెంకటదుర్గ అందుకుంది:

"పొద్దున్నే వాడికి ఫోన్ చేశాను. ఈసారి బోణీ కళ చేత్తో చేయించరా, ఇంటి ఇల్లాలు అది అన్నాను."

"అది కూడా మీరే ముందు అనేశారా!" సూర్యకళ భోరుమంది. "మంచితనంలోనైనా ఒక్కసారి నన్ను ముందుండనివ్వరా!"

"పోనీ, నేను చెడ్డదాన్నేలే! కాఫీ తాగుతావా?" అని నవ్వుతూనే ఏడ్చేసింది వదిన.

"ఏం వద్దు! శుక్రవారం మీరు రాకపోతే షట్టరు తాళం నా బొడ్లోంచి తియ్యను. చూడండి మరి!"

మంచం మీద ఇంకా అమ్ముడుపోని చీరలు రెండున్నాయి. వదిన వద్దంటున్నా సంచిలో వేసుకుని వీధిలోకి నడిచింది. మొదటి గడపలోనే ఆ ఇంటావిడ చీర వంక చూడకుండా వెనకాలకి చూసింది.

"దుర్గమ్మగారు రాలేదాండీ? ఆవిడ చెయ్యి మంచిదండి!"

సూర్యకళ గుండెల్లో మళ్ళీ భగ్గుమంది. చీర మడత విప్పి, ఆవిడ చేతుల్లో పరుస్తూ తలెత్తి చెప్పింది:

"అవునండి... ఆవిడ మా వదినగారు!"