సీటొచ్చాక పూలెందుకు

లినియా తువ్వాళ్లు మడతపెడుతోంది. పక్కింటి కోల్బీ బట్టలారబెట్టే మెషిన్ మీదెక్కి కూర్చుని, మడతపెట్టినవాటిని ఒక్కొక్కటే లాగి విప్పుతున్నాడు. మార్చిలో ఇద్దరికీ ఒకే యూనివర్సిటీలో సీటొచ్చింది. అప్పటినుంచి అతను స్కూలుకు కూడా పడుకునే పైజమాలోనే వస్తున్నాడు.

"కెమిస్ట్రీలో ఎంత?" అడిగింది లినియా.

"డి గ్రేడ్."

"క్రిస్మస్ ముందు 'ఏ' గ్రేడ్ కదరా?"

"అప్పటికింకా సీటు రాలేదు. పెళ్లికి ఒప్పుకున్న పిల్లకి రోజూ పూలెవడు తెస్తాడు?"

వంటింట్లోంచి అమ్మమ్మ అందుకుంది. "ఒకడు అలాగే మానేశాడబ్బాయ్. ఉంగరం వాడి చేతిలో పెట్టి పంపేశాను. దీని తాతయ్య ఆ తర్వాత వచ్చినవాడే."

కోల్బీ పడీపడీ నవ్వాడు. లినియా నవ్వలేదు.

"స్కూల్ కౌన్సెలర్ పిలిచిందటగా?"

"జూన్‌లో మన మార్కులు యూనివర్సిటీకి పంపుతారట. డి కనబడితే సీటు తీసేస్తారట. ఉత్త బెదిరింపు."

"పోయినేడు ఒకమ్మాయికి నిజంగానే తీసేశారు. కెమిస్ట్రీ సార్ ఇవాళ ఐదింటిదాకా ల్యాబ్‌లో ఉంటారు. వెళ్లి ఆ టెస్ట్ మళ్లీ రాయి. ఇదే ఆఖరి అవకాశం."

"ఇవాళ అందరం సరస్సుకి వెళ్తున్నాం. నువ్వూ రా."

"ఈ వానలోనా?"

"వెళ్లేదే తడవడానికి."

బయట హారన్ మోగింది. కిటికీలోంచి చూస్తే, వ్యాన్ నిండా వాళ్ల క్లాసువాళ్లే. కోల్బీ కిందికి దూకాడు.

లినియా తువ్వాలు అంచులు కలుపుతూ, అతని వైపు చూడకుండా అంది. "నాకు బోస్టన్‌లో కూడా సీటొచ్చింది. స్కాలర్‌షిప్‌తో. రానని చెప్పేశాను."

"పిచ్చా నీకు? ఎందుకు?"

"అక్కడ నువ్వుండవుగా."

అతని నవ్వు సగంలో ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇప్పుడు మన యూనివర్సిటీలోనూ ఉండవేమో," అందామె. "నీకు సరస్సు ఉందిగా. వెళ్లు, హారన్ కొడుతున్నారు."

"అబ్బాయ్, కేకు తిని వెళ్లు," అంది అమ్మమ్మ.

కోల్బీ బల్లమీదున్న లినియా కెమిస్ట్రీ పుస్తకం తీసి చొక్కా లోపల దోపుకున్నాడు. తలుపు తీసుకుని వానలోకి వెళ్లిపోయాడు. వ్యాన్ తలుపు తెరిచే ఉంది. దాన్ని దాటుకుని, స్కూలు వైపు పరుగెత్తాడు.