సెయింటుగారికి టచప్

పద్మారావు నగర్‌లో రాఘవేందర్ ఫోటో స్టూడియోకి పెద్ద పేరు. అక్కడ పెళ్ళిచూపుల ఫోటో దిగితే సొంత మేనమామ కూడా గుర్తుపట్టడు. నల్లటివాళ్ళు తెల్లబడతారు, బట్టతల మీద జుట్టు మొలుస్తుంది, నలభై ఏళ్ళవాడు ఇరవై ఆరుకి దిగుతాడు. ఇన్ని పెళ్ళిళ్ళు కుదిర్చిన రాఘవేందర్‌కి మాత్రం ఇంకా పెళ్ళి కాలేదు.

అందుకే డ్రాయింగ్ టీచర్ దేవిశ్రీ ఒక పాత బొమ్మ ఇచ్చి, స్కాన్ చేసి పెద్ద ప్రింటు తీయమన్నప్పుడు, ఆమెను మెప్పించాలని తన విద్యంతా చూపించాడు.

మర్నాడు ప్రింటు చూసి ఆమె కొయ్యబారిపోయింది.

"ఇదేంటండీ?"

"సెయింట్ సారే మేడమ్. జెర టచప్ చేసిన. మొఖం మీద గీతలు తీసేసిన, నీడలు సుత సాఫ్ చేసిన."

"గడ్డం?"

"ట్రిమ్ చేసిన."

నాలుగు వందల ఏళ్ళ కిందట రాగిరేకు మీద చెక్కి అచ్చువేసిన బొమ్మ అది. గుహలో కొవ్వొత్తి ముందు పుస్తకం చదువుకునే ముసలి సెయింటు. ఇప్పుడాయన అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు పూర్తిచేసిన పెళ్ళికొడుకులా ఉన్నాడు.

దేవిశ్రీ కోపంగా బ్యాగులోంచి భూతద్దం తీసి, అసలు బొమ్మ మీద పెట్టింది.

"చూడండి. నుదుటి మీద ఆ వెలుగు చిత్రకారుడు దేంతో గీశాడంటారు?"

రాఘవేందర్ వంగి చూశాడు. అంగీ మీద గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటూ చిక్కగా ఉన్నాయి. చెంప మీద పలచబడ్డాయి. నుదుటి మీద ఒక్క గీతా లేదు.

"ఏం లేదు మేడమ్. ఉత్త కాయితం."

"అదీ! ఆ చీకటంతా చెక్కింది ఆ కాస్త కాగితం వెలగడానికే. మీరు చీకటి తీసేస్తే ఇంక వెలుగెక్కడుంటుంది?"

రాఘవేందర్ సిగ్గుతో చచ్చిపోయాడు. అప్పటిదాకా ఆమె అందం మీదున్న ఇష్టం ఆ క్షణం నుంచి ఆమె మీదే అయింది. ఉన్నదున్నట్టు మళ్ళీ ప్రింటు తీసిచ్చాడు.

వారం తిరక్కుండా దేవిశ్రీ తల్లి సుబ్బులు కూతురి ఫోటో పట్టుకొచ్చింది.

"చామనఛాయ నాయనా. కాస్త తెల్లగా చేసిపెట్టు. కాకినాడ సంబంధం, ఆదివారానికల్లా వాళ్ళకి అందాలి."

ఫోటోలో దేవిశ్రీ కిటికీ పక్కన నిలబడి నవ్వుతోంది, సగం ముఖం నీడలో ఉంది. తెల్లబరిస్తే తన చేత్తో తనే ఆమెను కాకినాడ పంపినట్టు. మౌస్ మీదికి వెళ్ళిన చెయ్యి వెనక్కొచ్చింది. ఫోటో ముట్టుకోకుండా ప్రింటు తీసి కవర్లో పెట్టి అంటించాడు. అది కళ మీద గౌరవమా, కాకినాడ మీద కడుపుమంటా అంటే అతనే చెప్పలేడు.

సోమవారం దేవిశ్రీ వచ్చింది.

"కాకినాడ వాళ్ళు వద్దన్నారు. అమ్మ మిమ్మల్ని తెగ తిడుతోంది."

"అబద్ధమెందుకు మేడమ్, నేను మస్తు ఖుషీగున్న." రాఘవేందర్ కౌంటరు మీది కవర్లు సర్దాడు. "మీరంటే నాకిష్టం. ఆ ఫోటో ఖరాబు చెయ్యబుద్ధి కాలే."

దేవిశ్రీ నవ్వు ఆపుకోవాలని చూసింది, ఆగలేదు.

"అయితే మీ ఫోటో ఒకటివ్వండి, అమ్మకి చూపిస్తాను. టచప్ లేనిది."

రాఘవేందర్ అరగంట కంప్యూటరంతా గాలించాడు. కాలేజీ రోజుల నుంచీ తన ప్రతి ఫోటోనీ తనే తెల్లబరుచుకున్నాడు.

"ఒక్కటి సుత లేదు మేడమ్," అన్నాడు చెమటలు తుడుచుకుంటూ.

ఆమె లోపలికొచ్చి కెమెరా అందుకుంది. అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక పక్క లైటు ఆర్పేసింది.

"నల్లగ పడ్తనేమో మేడమ్?"

"పడతారు," అంది దేవిశ్రీ. "ఆ మేడమ్ అనడం మానేసి ఇటు చూడండి."