వాణి పేరు పెట్టిన పొద

"వాణీ, ఇదేం చెట్టు?" గులాబీ రంగు పూలతో నిండిన పొదను చూపిస్తూ తహ్సీన్ అడిగింది.

మస్కట్ నుంచి ఆరో తరగతి పిల్లలు ఆ ఉదయమే కొండల మధ్య ఉన్న వాగుకు వచ్చారు. అడవి మొక్కలను గుర్తుపట్టి పేర్లు రాయాలి. వాణి తన జట్టుకు లీడర్. పక్క జట్టువాళ్లు అప్పుడే ఎనిమిది పేర్లు రాసేశారు. వాణి కాగితం మీద ఆరే ఉన్నాయి.

పొద ఆకులు సన్నగా, పొడవుగా ఉన్నాయి. వాణి వాటివైపు చూడనే లేదు.

"మందారంలో ఒక రకం. మా అమ్మ మందార పూలతో టీ పెడుతుంది," అంటూ రాసేసింది.

"అయితే నా నీళ్లల్ల గూడ వేస్త. రంగొస్తదేమో!" తహ్సీన్ నాలుగు పూలు కోసి తన సీసాలో వేసుకుంది.

కాసేపటికి బస్సు డ్రైవర్ బిలాల్ అటుగా వచ్చాడు. పువ్వు కోయబోతున్న ఒక పిల్లవాడిని వెనక్కి లాగి, హిందీలో గట్టిగా అరిచాడు. "ఇది హబన్! విషం! మేకలు కూడా ముట్టవు."

సైన్సు టీచర్ అంజలి పరుగున వచ్చింది. "అవును, గన్నేరు. దీన్నెవరూ నోట్లో పెట్టుకోలేదు కదా?"

వాణికి తహ్సీన్ సీసా గుర్తొచ్చింది. చెబితే అందరిముందూ పరువు పోతుంది. ఇంతకీ తహ్సీన్ ఏది? అదిగో, దూరంగా రాతిమీద కూర్చుని సీసా ఎత్తుతోంది.

"తహ్సీన్! తాగొద్దు!"

వాణి పడుతూ లేస్తూ పరిగెత్తి సీసా లాక్కుంది.

"ఒక్క గుటక తాగిన," అంది తహ్సీన్ బిత్తరపోయి.

"టీచర్, మందారమని నేనే చెప్పాను. నాకసలు తెలియదు. తెలిసినట్టు చెప్పేశాను." వాణికి ఏడుపు ఆగలేదు.

టీచర్ తహ్సీన్ చేత నోరు పుక్కిలింపించి, సీసా తీసుకుని, అందరినీ బస్సెక్కించింది. మస్కట్‌లోని బౌషర్ ఆసుపత్రి వచ్చేదాకా వాణి తహ్సీన్ చెయ్యి వదల్లేదు.

"కడుపు నొప్పా?"

"లేదే. ఎన్నిసార్లడుగుతవ్?" అంది తహ్సీన్. కానీ ఆమె చెయ్యి చల్లగా ఉంది.

డాక్టర్లు మర్నాటి దాకా ఆమెను కనిపెట్టుకుని ఉన్నారు. "వెంటనే తీసుకొచ్చారు, మంచిదైంది. ఇక భయం లేదు," అని చెప్పి ఇంటికి పంపించారు.

రెండు వారాల తర్వాత బడి గోడ పక్కన ఒక పసుపు పువ్వు చుట్టూ మూడో తరగతి పిల్లలు మూగారు.

"అక్కా, దీని పేరేంటి?"

ఒక పేరు వాణి నాలుక చివరిదాకా వచ్చింది. ఆగింది. వంగి ఆకులు చూసింది.

"నాకు తెలియదురా. ఎవరూ ముట్టుకోకండి."

పెన్సిల్ తీసి కాగితం మీద ఆకు బొమ్మ వేసుకుని, అంజలి టీచర్ గది వైపు నడిచింది.