పై వాటాలో తనిఖీ

"మా నాన్నకి ఏం పెడుతున్నారు మీరు?"

తలుపు తీసీ తీయగానే ఎదురైన ప్రశ్న అది. పై వాటాలో అద్దెకుండే కళ్లజోళ్ల షాపతను చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయాడు. గుమ్మంలో కింది వాటా అమ్మాయి. ఆస్పత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. చూపు కూడా సూదిలాగే ఉంది.

"ఓట్స్ అండి."

"ఓట్స్ నేనూ పెడుతున్నాను. అవి పది రోజులుగా గులాబీ కుండీలోకి పోతున్నాయని ఇవాళే తెలిసింది. ఖాళీ గిన్నె చూసి మురిసిపోయాను, పిచ్చిదాన్లా!"

లోపల కుర్చీలో కూర్చున్న ఆమె తండ్రి, రిటైరైన బస్సు డ్రైవరు, చెంచా నోట్లో ఉండగానే గొణిగాడు. "నీ ఓట్స్ గోడకి పోస్టర్లు అంటించడానికి పనికొస్తాయమ్మా."

ఆమె అనుమానానికి కారణం ఉంది. ఆర్నెల్ల క్రితం ఆయన దొంగచాటుగా మిఠాయిలు తిని, షుగరు పెరిగి, స్పృహ తప్పి పడిపోయాడు. అప్పట్నుంచి ఆయన జేబులు కూడా వెతుకుతోంది.

"చక్కెర ఎంత వేశారు?"

"చిటికెడు కూడా వేయలేదండి. ఆపిల్ తీపే."

"దొంగని అడిగితే దొంగతనం చేశానంటాడా? రేపు నా కళ్ల ముందు వండండి."

మర్నాడు పొద్దున్నే చేతులు కట్టుకుని స్టవ్ పక్కన నిలబడింది. అతను ఆపిల్‌ని తొక్కతోనే చిన్న ముక్కలు కోసి, నీళ్లలో వేశాడు. దాల్చినచెక్క, రెండు లవంగాలు, కాస్త అల్లం.

"ఆ డబ్బాలో ఏంటి?"

"యాలకుల పొడి. వాసన చూడండి."

చూసింది. తుమ్మింది. అతను నవ్వు ఆపుకున్నాడు. ముక్కలు మెత్తబడ్డాక ఓట్స్ వేసి, సన్నమంట మీద కలుపుతూ, చివర్లో పాలు పోశాడు. గది నిండా వెచ్చటి వాసన.

"ఎవరూ ఊరికే ఏమీ పెట్టరు. మీకెందుకింత శ్రద్ధ?"

"ఒక్కడినే తినలేక అండి," అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. దాన్నీ అనుమానంగానే గుర్తుపెట్టుకుంది.

రెండు గంటల తర్వాత తండ్రి వేలికి సూది గుచ్చి చూస్తే షుగరు నూట ముప్పై ఎనిమిది, అదుపులోనే ఉంది. మర్నాడూ అంతే. అయినా వారమంతా తనిఖీకి వెళ్లింది. ఒకరోజు ఆపిల్ బదులు బేరిపండు వేస్తే పావుగంట వాదించింది. ఆ వాదన ఎక్కడ నవ్వులోకి తిరిగిందో ఇద్దరికీ తెలియలేదు.

ఏడోరోజు మీటరు రెండువందల అరవై చూపించింది.

షాపుకి బయల్దేరుతున్న అతన్ని మెట్ల మీదే ఆపేసింది. "నమ్మించి గొంతు కోశారు! నా ముందు ఒకటి, వెనక ఒకటి!"

అతని మొహం పాలిపోయింది. "ఒక్క మాట అడిగి, ఆ తర్వాత అనాల్సిందండి," అని తలొంచుకుని దిగిపోయాడు.

ఇంట్లోకి వస్తే తండ్రి కళ్లు కలపడం లేదు.

"అతన్నేం అనకమ్మా. నేనే... వీధి చివర బేకరీలో రెండు క్రీమ్ బన్నులు."

"ఎందుకు నాన్నా?"

"రీడింగు బాగుంటోంది, ఇవాళ్టితో తనిఖీ ఆపేస్తానన్నావుగా నిన్న. ఆపేస్తే ఇంక పైకెందుకెళ్తావు? మీ అమ్మ పోయాక నీ నవ్వు విన్నది ఈ వారమే."

ఆమెకి కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "నీకేమైనా అయితే నేనెవరికోసం నవ్వాలి నాన్నా?" అని ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన, "ఇంకెప్పుడూ తిననమ్మా," అన్నాడు.

మధ్యాహ్నం ల్యాబ్‌లో విరామం దొరకగానే కళ్లజోళ్ల షాపుకి వెళ్లింది. అతను అద్దం తుడుస్తున్నాడు. తలెత్తి, మళ్లీ దించేశాడు.

"తప్పు నాది," అంది. "నాన్న బన్నులు తిన్నారు. మిమ్మల్ని అడక్కుండా నోరు పారేసుకున్నాను. క్షమించండి."

"ఇప్పుడెలా ఉన్నారు ఆయన?"

తనకి జరిగిన అవమానం గురించి కాదు, ముందుగా అడిగింది అది.

"తగ్గింది. నిజం చెప్పండి, ఇదంతా నాన్న కోసమేనా?"

"మొదటిరోజు ఆయన కోసమే. మెట్ల దగ్గర నీరసంగా కూలబడ్డారు, లోపలికి పిలిచాను. తింటున్నంతసేపూ మీ గురించే చెప్పారు. ఆ కబుర్ల కోసం మర్నాడూ వండాను. మీరు తనిఖీకి రావడం మొదలుపెట్టాక..."

"పెట్టాక?"

"పొద్దున్నే రెండుసార్లు చొక్కా మార్చేవాణ్ని."

ఆమెకి నవ్వాగలేదు. "ఇస్త్రీ మడతలు చూశాను. ఓట్స్ వండడానికి ఇంత ముస్తాబెందుకా అని అనుమానమొచ్చింది."

"ఏమని?"

"ఇక్కడ చెప్పను. ఏడింటికి షాపు మూస్తారుగా? నేనూ వస్తాను. ఇంటిదాకా నడుస్తూ చెబుతాను."

ఆ సాయంత్రం ఆరున్నరకే షాపు షట్టరు దిగిపోయింది; దాని ముందు అతను చొక్కా సర్దుకుంటూ ఆమె కోసం నిలబడ్డాడు.