పదకొండు సెకన్ల పేర్లు

ఆ మధ్యాహ్నం నా లైబ్రరీలో 1,146 పాటలు ఉండాలి. 1,147 ఉన్నాయి.

ఒక్కటే ఎక్కువ. ఇంకొకరైతే వదిలేస్తారు. నాకు లెక్క తేడా వస్తే ముద్ద దిగదు. మా కొండల ఊరు నారిన్‌లో, బజారు వెనక అద్దె గదిలో ఉంటూ, పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించే పని పెట్టుకుని ఎనిమిది నెలలైంది. యజమానీ నేనే, నౌకరూ నేనే. ఆ పాటల్లో ఎక్కువభాగం బూరుల్ అవ్వవి. చుట్టుపక్కల ఎవరు పోయినా గుడారంలో కూర్చుని ఏడుపుపాట కట్టి పాడేది ఆవిడే. మేం దాన్ని కొషోక్ అంటాం. అవ్వ నలభై ఏళ్లు పాడింది.

పొద్దున పాటల సాఫ్ట్‌వేర్ తనంతట తానే అప్‌డేట్ అయింది. అంతే, అన్నీ చెదిరిపోయాయి. పెళ్లిపాటలు వెళ్లి చావుపాటల్లో కలిశాయి. సగం పాటలకు పేర్లే లేవు. కొత్త డిస్క్‌లోకి ఇంకో కాపీ తీసుకుంటే తప్ప ధైర్యం లేదు. అందుకే బిష్కెక్‌లో ఉన్న అన్నయ్య ఎర్మెక్‌ను డిస్కులు కొనుక్కుని వెంటనే రమ్మని తొందరపెట్టాను. మంచు పడుతోందని తెలిసి కూడా.

ఒంటిగంటన్నరకు ఫోన్ చేశాడు.

"నీ డిస్కులు మోయడానికి నేనేమైనా గాడిదనా?"

"గాడిద మన కారు అన్నయ్యా. నువ్వు దాని తోకవి."

నాన్న కొని మా ఇద్దరికీ వదిలిపోయిన ఆ ముసలి కారును ఇంట్లో అందరం 'బూడిద గాడిద' అనే పిలుస్తాం. అన్నయ్య పకపకా నవ్వాడు.

"దోలోన్ కనుమ ఎక్కబోతున్నా. ఇక సిగ్నల్ ఉండదు. టీ పెట్టి ఉంచు."

ఫోన్ పెట్టేసి ఆ ఎక్కువైన పాటను వెతికి పట్టుకున్నాను. పేరు లేదు. నిడివి పదకొండు సెకన్లు. నొక్కాను. క్యాసెట్ బరబర. ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు. తర్వాత ఆడగొంతు, ఏడుపుపాట వరసలో సాగదీస్తూ ఒక్క పేరు పలికింది.

"తులెబెర్దీ…"

మా ఏడో తరం తాత పేరు అది.

ముందు నవ్వొచ్చింది. పొద్దున మైకు పరీక్షించింది నేనే. ఇంకెక్కడైనా ఒకటి, రెండు, మూడు అంటారేమో. మాకు నోటికి ముందొచ్చేది ఏడుతరాల తండ్రుల పేర్లు. అవి రాకపోతే మా దగ్గర మనిషి కింద లెక్కే లేదు. రోజంతా వింటున్న పాటే కాబట్టి ఆ వరసలోనే కూనిరాగం తీశాను. తర్వాత చెరిపేశాను. అందులో ముక్క మిగిలిపోయి ఉంటుంది.

మళ్లీ చెరిపాను. ఫోల్డరంతా సాఫ్ట్‌వేర్ చేత మళ్లీ చదివించాను. 1,147.

ఈసారి ఇరవై రెండు సెకన్లు. తులెబెర్ది తర్వాత కాల్మాత్. ఆరో తాత.

జాబితా మొత్తం తీసేసి, మొదట్నుంచి కట్టించాను. ముప్ఫై మూడు సెకన్లు. బోరుబాయ్. ఐదో తాత.

గొంతు నాదే. కానీ మూడు రోజులు ఏడ్చి బొంగురుపోయిన గొంతు. పొద్దున నేను అలా పాడలేదు…

అప్పుడు మూడు గంటలు. కొత్త అప్‌డేట్ ప్రతి పది నిమిషాలకూ తనే లైబ్రరీని చదువుకుంటుంది. ఆపే మీట తీసేశారు. నా బుర్ర నన్నడక్కుండానే లెక్క కట్టేసింది. మూడూ పదికి ఒస్మోన్. మూడూ ఇరవైకి జుమాబెక్. మూడున్నరకు సాతర్. మూడూ నలభైకి మురాత్, అంటే మా నాన్న. ఆయన పోయి ఆరేళ్లు.

మూడూ యాభైకి?

నాన్న తర్వాత మా ఇంట్లో మిగిలింది ఇద్దరమే. అన్నయ్య, నేను. పాడుతున్నది నేను.

అన్నయ్యకు ఫోన్ చేశాను. కలవలేదు. మళ్లీ. కలవలేదు.

పాటలున్న పాత డిస్క్ తీగ పీకేశాను. సంఖ్య మారలేదు. కంప్యూటర్ ఆపేశాను. తెర నల్లబడింది. గదిలో తడిసిన ఉన్ని వాసన. కిటికీ అవతల మంచు అడ్డంగా పడుతోంది. గోడ గడియారం మూడున్నర కొట్టింది…

స్పీకర్లలో ఊపిరి పీల్చిన చప్పుడు.

"సాతర్…"

బూరుల్ అవ్వకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"చావు లేని ఇంట్లో ఆ వరస నోట పట్టావా?"

"మైకు కోసమవ్వా… తెలీక…"

"కంప్యూటర్లు తెలుసు, ఇది తెలీదా పిచ్చి మొద్దూ! నేర్చుకునే రోజుల్లో మేమూ నోరు జారినవాళ్లమే. చివర్న మాత్రం మనిషి పేరు రానిచ్చేవాళ్లం కాదు. కుంటిగొర్రెనో, పగిలిన కుండనో పెట్టి ముగించేవాళ్లం. ఖాళీగా వదలకూడదు. నువ్వూ ఏదో ఒకటి ఇవ్వు. నీదై ఉండాలి. లేకపోతే ఒప్పుకోదు."

"ఏది ఒప్పుకోదు?"

అవ్వ ఫోన్ పెట్టేసింది.

మూడూ నలభై. నాన్న పేరు వచ్చింది. ఆ గొంతు నాన్న పేరు దగ్గర వెక్కింది. ఆరేళ్ల కింద నేను వెక్కినట్టే.

నాది… నాదేముంది? కంప్యూటర్? వాయిదాల్లో ఉంది. క్యాసెట్లు అవ్వవి. గది ఇంటివాళ్లది. పది నిమిషాలు ఎంత తొందరగా… మైకు పట్టుకున్నాను. మూడూ నలభై తొమ్మిది. ఊపిరి పీల్చిన చప్పుడు. నా చెవి పక్కనే.

అది నోరు తెరిచేలోపు నేనే పాడాను.

"బూడిద గాడిదా…"

మంచు కిటికీని గీరుతున్న చప్పుడు, అంతే.

ఆరింటికి తలుపు తట్టారు. అన్నయ్య. టోపీ మీద, కనుబొమల మీద మంచు. ఎవరిదో లారీ ఎక్కి వచ్చాడు. చేతిలో డిస్క్ సంచి.

"గాడిద పోయింది సెజిమ్," అన్నాడు. "లోయలో పడింది."

అన్నయ్య మెడ చుట్టూ చేతులేసి ఏడ్చాను. వాడికి అర్థం కాలేదు.

"కారు కోసం ఇంత ఏడుపా? నేను బతికున్నానే తల్లీ!" కూర్చుని బూట్లు విప్పుతూ చెప్పాడు. "కనుమ మీద ఒకావిడ చెయ్యెత్తింది. చలికి గొంతు పోయినట్టుంది, బొంగురుగా మాట్లాడింది. వెనక కూర్చోబెట్టి, చక్రాలకు గొలుసులు కట్టడానికి దిగాను. హ్యాండ్‌బ్రేక్ వేసే ఉంది. ఒట్టు. కారు తనంతట తానే కదిలిపోయింది."

"ఆవిడ?"

"పోలీసులు దిగి చూశారు. లోపల ఎవ్వరూ లేరు. వెనక సీటు మాత్రం తడిగా ఉందట." రెండో బూటు లాగాడు. "కారెక్కగానే ఒకటే అడిగింది. 'చెల్లెలు ఇంట్లోనే ఉందా?' అని. ఉందనే చెప్పా."

టీ పెట్టడానికి ఇంటివాళ్ల వంటింట్లోకి వెళ్లాను. నీళ్లు మరిగేలోపు వెనక కంప్యూటర్ ఆన్ అయిన చప్పుడు. నేను తిరిగొచ్చేసరికి అన్నయ్య చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్స్ తీస్తున్నాడు. మొహంలో రక్తం లేదు.

తెర మీద ఆ పాట. గాడిదతో కలిపి ఎనిమిది పేర్లు, ఒక్కోటీ పదకొండు సెకన్లు. ఎనభై ఎనిమిది ఉండాలి. మూడుసార్లు లెక్కేశాను.

తొంభై తొమ్మిది ఉంది.

నేనింకా వినలేదు. చివర్న ఏముందని అడిగితే అన్నయ్య చెప్పడు. "ఇదిగో", "ఏయ్", "నిన్నే" అంటాడు. ఆ రోజు నుంచి వాడు నన్ను పేరు పెట్టి పిలవలేదు.